విశేషణం దగ్గర ఆగినదాన్ని

స్పానిష్ రాయల్ అకాడమీ నిఘంటువులో 'సోర్దో' అన్న మాటను ముందు విశేషణంగా చూపిస్తారు. అర్థం, వినపడని, లేదా సరిగా వినపడని. దాని వెనకే నాలుగు పొడి అక్షరాల్లో ఇంకో సంగతి ఉంటుంది: మనుషుల విషయంలో దీన్ని నామవాచకంగానూ వాడతారు.

నిఘంటువు రాసేవాళ్ళకు అది మామూలు సమాచారం. నేను మాత్రం 'మనుషుల విషయంలో' అన్న షరతు దాటి ముందుకు పోలేకపోయాను. నొప్పికి చేరినా, చప్పుడుకు చేరినా సోర్దో విశేషణంగానే ఉండిపోతుంది. మనిషికి చేరితేనే పక్కనున్న నామవాచకాన్ని జరిపి ఆ చోట్లో తాను కూర్చుంటుంది. 'ఓంబ్రె సోర్దో' అంటే చెవిటి మనిషి. 'ఉన్ సోర్దో' అన్నప్పుడు మనిషి అన్న మాటే లేదు, దాని అవసరమూ లేదు. చెవుడే మనిషైంది.

నాకు చెవుడు వస్తోంది. ఈ మాట ఇంత సూటిగా ఇదివరకెప్పుడూ రాయలేదు. ఎవరైనా అడిగితే 'కొంచెం వినికిడి తక్కువ' అంటాను. 'ఎడమ చెవి కాస్త మందం' అంటాను. జలుబు చేసిందని తప్పించుకున్న రోజులూ ఉన్నాయి. వీటన్నిట్లోనూ చెవిలో ఏదో ఉంది, నాలో ఏమీ లేదు. అంత జాగ్రత్తగా ఆ గీత ఎందుకు గీసుకుంటున్నానో చూసుకోవాలనే ఇది రాస్తున్నాను.

స్పానిష్ మొదలుపెట్టడానికి పైకి చెప్పే కారణం మా మనవరాలు. మా అమ్మాయి వాళ్ళుండేది టెక్సాస్‌లో. అక్కడ బడిలో పిల్ల స్పానిష్ తీసుకుంది. వాళ్ళింట్లో ఉన్నన్నాళ్ళూ దాని పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను. తెనాలి తిరిగొచ్చాక కూడా వదల్లేదు. ఉద్యోగమంతా హైస్కూలు పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని, వ్యాకరణం ఏ భాషలో కనబడినా నాకు ఇష్టమే. అసలు కారణం అది కాదు. పుస్తకంలోంచి నేర్చుకునే భాషకు చెవితో పని లేదు. పుట్టినప్పటి నుంచీ విన్న తెలుగులో రోజూ ఏదో ఒకటి జారిపోతుంటే, కళ్ళతో సంపాదించుకోగలిగే భాష ఒకటి చేతిలో ఉండాలనిపించింది. అందులోనూ స్పానిష్‌ని చాలావరకు రాసినట్టే పలుకుతారు. త, ద లు మన దంత్యాలకు దగ్గరగానే ఉంటాయి. పక్కన ఎవరూ పలికి చూపించకపోయినా నా నోటికి అది అందింది.

నా చెవిలో ఏం పోతోందో చెప్పకపోతే మిగతా సంగతి తెలియదు. ఆడియోగ్రామ్ కాగితం మీద గీత ఎడమవైపు బాగానే మొదలై కుడివైపు పోయేకొద్దీ కిందికి దిగుతుంది. ఎడమ పక్క మంద్ర ధ్వనులు, కుడి పక్క సన్నని ధ్వనులు. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి సన్నని ధ్వనులే. మాటలో అచ్చులు బలంగా, కింది స్థాయిలో ఉంటాయి, అవి నాకు వినిపిస్తాయి. స, శ, ఫ, క, త, ప లాంటివాటి ఆనవాళ్ళు పైస్థాయిలో ఉంటాయి. అవే దొరకవు. అందుకే నాలాంటివాళ్ళు చెవి డాక్టరు దగ్గర 'వినపడుతోందండీ, ఏమంటున్నారో తెలియడం లేదు' అని చెప్పేది. వంటింట్లోంచి మా చెల్లెలు ఏదో అడుగుతుంది. నా దాకా వచ్చేది 'అప్పు' లాంటి ఒక ధ్వని. అది పప్పా, కప్పా, తప్పా అన్నది ఆమె చేతిలో ఏముందో చూసి, మాట మొదట్లో పెదాలు మూసి తెరిచిందా లేదా చూసి తేల్చుకోవాలి. పెదాలు మూస్తే పప్పు. మూయకపోతే మిగతా రెండింట్లో ఒకటి.

క చ ట త ప లు పరుషాలు, గ జ డ ద బ లు సరళాలు అని చిన్నయసూరి బాలవ్యాకరణం పట్టుకుని ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పాను. స్పానిష్‌లో ఈ రెంటికీ పేర్లు వేరు. గొంతులో స్వరతంతువులు కంపిస్తే ఆ హల్లు 'సొనోరా', మోగేది. కంపించకపోతే 'సోర్దా', చెవిటిది. అంటే పరుషాలన్నీ వాళ్ళకు చెవిటి హల్లులు. నా చెవి ముందుగా పోగొట్టుకున్నవి అవే. ఇది కాకతాళీయమేమీ కాదు. స్వరతంతువులు కదలకుండా పుట్టిన ధ్వనికి కింది స్థాయి బలం ఉండదు, ఉన్న కాస్త బలమూ పైనే ఉంటుంది. పైస్థాయి పోయిన చెవికి అది అందదు.

ఈ ఒక్క మాట వినలేనివాడినీ, వినబడని దాన్నీ రెంటినీ మోస్తుందన్నది నన్ను బాగా కదిలించింది. మన 'గుడ్డి' కూడా ఇలాంటిదే, గుడ్డి దీపం అంటే చూపు లేని దీపం కాదు, చూపుకు చాలని దీపం. ఎక్కడో లోపల సన్నగా, జాగా తెలియకుండా ఉండే నొప్పిని స్పానిష్ వాళ్ళు 'దొలోర్ సోర్దో' అంటారు. ఈ మాటకు మూలం లాటిన్ 'సుర్దుస్'. వర్గమూలం రెండులాంటి కరణులను ఇంగ్లీషు లెక్కల పుస్తకంలో సర్డ్ అనడం కూడా దీన్నుంచే. అరబ్బు గణితజ్ఞులు వాటిని చెవిటి సంఖ్యలన్నారు, లాటిన్‌లోకి అనువదించినవాళ్ళు ఆ భావాన్ని అలాగే తీసుకున్నారు.

చెవి వల్ల ఇంకోటి కూడా తెలిసింది. స్పానిష్‌లో బహువచనం చాలా చోట్ల చివరి 'స్' మీద నిలబడి ఉంటుంది. 'లోస్ సోర్దోస్' అంటే చెవిటివాళ్ళు. పిల్ల ఫోన్లో ఆ మాట చదివి వినిపిస్తే నాకు 'లో సోర్దో' అని చేరింది. అదీ స్పానిషే, అదీ తప్పు కాదు. కానీ 'లో' చేరితే అది మనుషుల మాట కాదు, ఆ గుణం మొత్తాన్ని భావంగా చెప్పే మాట. ఒక్క 'స్' జారితే మనుషులంతా పోయి భావం మిగిలింది.

ఇక తెలుగు సంగతి. మన 'చెవిటి' ఒంటరిగా నిలబడలేదు. దానికి వాడో, దో, వాళ్ళో కావాలి. మగవాడికి 'చెవిటివాడు' అనడంలో కనీసం మనిషి మిగులుతాడు. ఆడదానికి ఏకవచనంలో 'చెవిటిది'. గేదెకూ అదే, తలుపుకూ అదే. మహత్తు, అమహత్తు అంటూ ఈ విభాగాన్ని బోర్డు మీద రాసి చెప్పిన రోజుల్లో అది నా మీదికి వస్తుందని తోచలేదు.

మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో వీధి చివర అరుగు మీద ఒక ముసలావిడ వేరుశనక్కాయలు అమ్మేది. ఊరంతా ఆవిణ్ణి చెవిటిది అనేది. 'చెవిటిదాని దగ్గర పావలా కాయలు పట్రా' అని అమ్మమ్మ కూడా పంపేది, అందులో కోపం గానీ ఎగతాళి గానీ లేవు. ఆవిడ కాయలు కొలుస్తూ మన నోటి వంక కాకుండా మన చేతిలోని డబ్బుల వంక చూసేది. ఎంతివ్వాలో డబ్బే చెబుతుంది కదా. పిల్లలు వెనక నిలబడి రకరకాలుగా పిలిచి, ఆవిడ తిరగకపోతే సంబరపడేవాళ్ళు. ఆ పిల్లల్లో నేనూ ఉన్నాను. ఆవిడ పేరేమిటో ఇప్పటికీ తెలియదు. అడిగినవాళ్ళెవరూ ఉన్నట్టు లేదు. ఆవిడకు పిల్లలున్నారా, ఏ ఊరి ఆడపడుచు, పాటలు వచ్చా, ఏమీ తెలియదు. ఆ మాట ఒక్కటే అన్ని ప్రశ్నలకూ జవాబైపోయింది.

నా భయం అక్కడ పుట్టింది. ఇన్నేళ్ళూ నేను భయపడింది వినపడకపోవడానికి కాదని ఇప్పుడు తెలుస్తోంది. ఆ అరుగు మీద కూర్చోవడానికి. పంతులమ్మ, అమ్మమ్మ, పద్యం రాగయుక్తంగా చదివే మనిషి, వీటన్నిటినీ ఒక్క మాట తుడిచేసి నా చోట్లో కూర్చుంటుందని.

అందుకే పెళ్ళిళ్ళలో నేను చేసే పని ఒకటుంది. భోజనాల పంక్తిలో పక్కావిడ మాట్లాడుతుంటే వాక్యం చివర మాత్రం పట్టుకుంటాను. తెలుగులో ప్రశ్న చాలాసార్లు 'ఆ' అనే దీర్ఘంతో ముగుస్తుంది: వచ్చారా, ఉన్నారా, అయిందా. ఆ దీర్ఘం నాకు వినిపిస్తుంది. ఏమడిగారో తెలియదు, అడిగారని తెలుస్తుంది. 'ఆఁ' అంటాను. కనుబొమలు ముడిపడితే 'అయ్యో' అంటాను. అందరూ నవ్వితే ఒక్క క్షణం వెనకగా నవ్వుతాను. ఇంటికొచ్చేసరికి మెడ, భుజాలు పట్టేసి ఉంటాయి. ఆ పంక్తిలో నా పక్కన కూర్చున్నది ఎవరో, ఏ కష్టం చెప్పుకున్నారో నాకు తెలియదు. ఒకరి కష్టానికి చెవి ఇవ్వకుండా చెవి ఉన్నట్టు నటించాను, అదీ నా పరువు కోసం. స్పానిష్‌లో 'అసేర్సె ఎల్ సోర్దో' అని ఒక జాతీయం ఉంది, విననట్టు నటించడం. నేను చేస్తున్న పనికి, అంటే విన్నట్టు నటించడానికి, నాకు తెలిసినంతలో ఏ భాషలోనూ జాతీయం దొరకలేదు. కానీ ఆ పని చేసేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారని నా నమ్మకం.

ఒకసారి మనవరాలు వీడియోలో అడిగింది. 'అమ్మమ్మా, నువ్వు ఎస్తాస్ సోర్దానా, ఎరెస్ సోర్దానా?' బళ్ళో అప్పుడే 'ఉండు' క్రియలు రెండూ చెబుతున్నారు, వాక్యాలు చేసుకురమ్మన్నారట. 'ఎస్తోయ్ సోర్దా' అంటే ప్రస్తుతం నా స్థితి అది. మాట వినిపించుకోనివాళ్ళను 'ఎస్తాస్ సోర్దో?' అని కసురుతారు, మనం 'చెవుడా నీకు?' అన్నట్టు. 'సోయ్ సోర్దా' అంటే నేనున్నదే అలా. ఇందులో ఇంకో విచిత్రం, 'సోయ్ సోర్దా' అన్నప్పుడు ఆ సోర్దా విశేషణమో నామవాచకమో వాక్యం చెప్పదు. 'ఉన' అని చేరిస్తేనే నామవాచకమని ఖాయమవుతుంది. తెలుగులో అంత వెసులుబాటు లేదు. 'చెవిటిదాన్ని' అన్నప్పుడు 'అది'తో పాటు 'నేను' కూడా ఆ మాటలోనే కలిసిపోయి ఉంటాను. వాడివి, దానివి, వాళ్ళం అంటూ మన భాష మనిషిని గుణానికి ప్రత్యయంతో కట్టేస్తుంది. పిల్లకు జవాబు వెంటనే చెప్పలేదు. 'మె ఎస్తోయ్ కెదాందో సోర్దా' అని రాసి పంపాను, చెవుడు వస్తోందని. అది నిజమే. కానీ 'వస్తోంది' అన్నంతకాలం ఇంకా రానట్టే కదా అన్న ఆశ కూడా అందులో ఉంది.

ఆ తర్వాతే స్పెయిన్ చెవిటివాళ్ళ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నా భయానికి కాళ్ళు సడలాయి.

స్పానిష్‌కు విశేషణం ముందు 'ఎల్' పెట్టి మనిషి పేరు చేసే అలవాటు పాతది. క్రీట్ నుంచి వచ్చిన చిత్రకారుణ్ణి ఎల్ గ్రెకో అన్నారు, ఆ గ్రీకువాడు అని. 16వ శతాబ్దంలోనే రెండో ఫిలిప్ రాజు కోసం ఎస్కొరియాల్‌లో బొమ్మలు వేసిన హువాన్ ఫెర్నాందెస్ దె నవర్రేతె పసితనంలో చెవులు పోయి మాట రానివాడు. చరిత్రలో ఆయన ఎల్ మూదో, ఆ మూగవాడు. గోయా 1792-93లో జబ్బుపడి వినికిడి పూర్తిగా పోగొట్టుకున్నాడు. 1819లో మాడ్రిడ్ శివార్లలో ఆయన కొన్న ఇంటి పేరు కింతా దెల్ సోర్దో, చెవిటివాడి తోట ఇల్లు. ఆయన వల్ల వచ్చిన పేరేమో అనుకున్నాను. కాదు, అంతకుముందు అక్కడున్న ఇంకో చెవిటి మనిషి వల్ల వచ్చింది. ఆ ఇంటి గోడల మీదే ఆయన ఇప్పుడు ప్రాదో మ్యూజియంలో ఉన్న పద్నాలుగు నల్ల చిత్రాలు వేశాడు.

చెవిటి పిల్లలకు చదువు చెప్పవచ్చని యూరప్‌కు చూపించిందీ ఆ దేశమే. ఓన్యా మఠంలో పేద్రో పోన్సె దె లెయోన్ అనే సన్యాసి వెలాస్కో వారి కుటుంబంలోని చెవిటి పిల్లలకు చదవడం, రాయడం, మాట్లాడడం నేర్పాడు. 1620లో హువాన్ పాబ్లో బొనెత్ మాడ్రిడ్‌లో అచ్చువేసిన పుస్తకంలో ఒక్క చేత్తో చూపించే అక్షరమాల బొమ్మలున్నాయి. ఆ బొమ్మల నకళ్ళు చూస్తూ నా కుడిచేతి వేళ్ళు మడిచి చూసుకున్నాను. 'అ'కు పిడికిలి, బొటనవేలు పక్కకు. అంత తేలిక.

నన్ను ఎక్కువ ఆపింది మాత్రం ఈ కాలపు సంగతి. 1936లో పుట్టిన స్పెయిన్ బధిరుల సమాఖ్యను సి.ఎన్.ఎస్.ఇ. అంటారు. ఆ పొట్టి పేరులోని ఎస్ 'సోర్దోస్', నామవాచకం. ఇప్పుడు వాళ్ళ పూర్తి పేరులో ఉన్నది 'పెర్సోనాస్ సోర్దాస్', చెవిటి వ్యక్తులు. నామవాచకాన్ని మళ్ళీ విశేషణం చేసుకున్నారు. పొట్టి పేరు మాత్రం పాతదే ఉంచుకున్నారు. 'సోర్దోమూదో', చెవిటి-మూగ అన్న పాత మాటను వదిలించుకున్నారు, మాకు భాష ఉంది, మేం మూగవాళ్ళం కాదని. కానీ సోర్దో అన్న మాటను వదల్లేదు. దాన్ని మెత్తబరచమనీ అడగలేదు. స్పెయిన్ రాజ్యాంగం 49వ అధికరణలో 1978 నుంచీ 'దిస్మినూయీదోస్' అన్న మాట ఉండేది, తరిగిపోయినవాళ్ళు అని. విశేషణాన్ని నామవాచకం చేసి మనుషుల నెత్తిన పెడితే ఎలా ఉంటుందో ఆ ఒక్క మాట చాలు. 2024లో రాజ్యాంగాన్ని సవరించి దాని చోట్లో వైకల్యమున్న వ్యక్తులు అని రాశారు.

నికరాగ్వా కథ ఇంకా పెద్దది. 1970ల చివర మానాగ్వాలో ప్రత్యేక పాఠశాల పెట్టేవరకూ అక్కడి చెవిటి పిల్లలు ఎవరింట్లో వాళ్ళు ఒంటరిగా ఉండేవారు. బళ్ళో టీచర్లు పెదవులు చూసి స్పానిష్ నేర్పాలని చూశారు, అది పెద్దగా రాలేదు. ఈలోగా పిల్లలు ఆటస్థలంలో, బస్సులో తమలో తాము చేతులతో మాట్లాడుకుని ఒక భాషే తయారుచేశారు. తర్వాత చేరిన చిన్నపిల్లలు దానికి ఇంకా వ్యాకరణం పేర్చారు. 1986 నుంచీ భాషా శాస్త్రవేత్తలు వెళ్ళి చూసి, భాష పుట్టడాన్ని కళ్ళారా చూస్తున్నామని రాశారు. టీచరుగా ఇది చదువుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. వాళ్ళు 'లోస్ సోర్దోస్' అయ్యాకే, ఒకచోట చేరి బహువచనం అయ్యాకే, వాళ్ళకు భాష వచ్చింది. ఆ అరుగు మీది ముసలావిడ ఏకవచనం. ఆవిడకు ఇంకో చెవిటి మనిషి తారసపడి ఉంటుందా?

ఇక్కడే నా లెక్క తిరగబడింది. నామవాచకం నా మీద పడిపోతుందని ఇన్నాళ్ళూ పారిపోయాను. తీరా చూస్తే అది నాది కాదు. స్పెయిన్‌లో 2007లో సంజ్ఞా భాషలకు గుర్తింపు ఇచ్చిన చట్టం పేరులోనే మూడు రకాల మనుషులున్నారు: చెవిటి వ్యక్తులు, వినికిడి వైకల్యం ఉన్నవాళ్ళు, చూపూ వినికిడీ రెండూ లేనివాళ్ళు. నేను రెండో వరసలో ఉంటాను. మన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ వినికిడి పోతే బధిరులు, 60 నుంచి 70 మధ్యలో ఉంటే వినికిడి మందగించినవాళ్ళు. నా కాగితం ప్రకారం నేను ఇంకా అందులోకీ రాను. సంజ్ఞా భాష ఒక్క వాక్యం రాదు. చిన్నప్పటి నుంచీ ఆ భాషలో బతికి, దాని కోసం కొట్లాడి, ఆ మాటను ఒక ఊరి పేరులా చెప్పుకునేవాళ్ళ పక్కన నిలబడి నేనూ సోర్దానే అనడానికి నాకు ఏ హక్కుంది? స్పానిష్ అకాడమీ నిఘంటువు ఇస్తుంది, 'సరిగా వినపడని' అని చేర్చింది గనక. వాళ్ళిస్తారో లేదో వాళ్ళను అడగాలి.

అందుకని ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం వాళ్ళ వీడియోలు పెట్టుకుని కూర్చుంటున్నాను. మన సంజ్ఞా భాషలో ఇంగ్లీషు అక్షరాలను ఎక్కువగా రెండు చేతులతో చూపిస్తారు, బొనెత్ ఒంటిచేతి అక్షరాలు ఇక్కడ పనికిరావు. వేళ్ళు మొండికేస్తున్నాయి. నా చెవి పూర్తిగా పోయే లోపల ఎవరితోనైనా నాలుగు మాటలు చేతులతో మాట్లాడగలిగితే చాలు.

పిల్లకు ఆలస్యంగా జవాబు రాశాను, 'సోయ్ సోర్దా' అని. 'ఉన' చేర్చలేదు. చెవి మిషన్ పెట్టుకుని బయటికి వెళుతున్నాను, జుట్టు దాని మీదికి లాక్కోకుండా. కూరగాయల బండి అమ్మాయితో 'నాకు చెవుడమ్మా, అరవకు, నా వంక చూసి నెమ్మదిగా చెప్పు' అనగలుగుతున్నాను. ఆ పిల్ల తలెత్తి, పెదాలు బాగా కదిలిస్తూ చెబుతుంది, దొండకాయలు ముదురు, బెండకాయలు తీసుకోమని. మా వియ్యపురాలితో మాత్రం ఇంకా అనలేదు. వచ్చే నెల వాళ్ళ గృహప్రవేశం ఉంది, వంద మంది వస్తారు. పంక్తిలో ఆవిడ పక్కనే కూర్చోవాలి.